వర్ధిల్లుట అనగానేమి?

చదువవలసిన వాక్యభాగములు: యెహోషువ 1:1–9, ఆదికాండము 39, యిర్మీయా 32:1–15, యెషయా 52:13 మొదలుకొని 53:12 వరకు



మన సంఘములలో ఆదివారపు ఆరాధనయందు సాక్ష్యములకు సమయమిచ్చినప్పుడు ఎవరు లేచి నిలుచుచున్నారో నాలుగు వారములు గమనించి చూడుడి. పొలము మంచి ధరకు పోయినవారు లేతురు. కుమారునికి వీసా వచ్చినదని తల్లి లేచును. క్రొత్తగా ఇల్లు కట్టుకొన్నవారు, కారు కొన్నవారు లేతురు. వీరందరు దేవునికి కృతజ్ఞత చెప్పుట న్యాయమే. మేలు పొంది నోరు మెదపనివాడు స్వస్థపడి వెనుకకు తిరిగి రాని తొమ్మండుగురు కుష్ఠరోగులవంటివాడు. అయితే లేవనివారు ఎవరు? రెండు మారులు వీసా నిరాకరింపబడిన పిల్లవాని తండ్రి లేవడు. గుంట భూమియు లేనందున అమ్ముటకేమియు లేని కూలివాడు లేవడు. భర్త పోయి, అప్పు మిగిలి, దినమెల్ల పనిచేసివచ్చి రాత్రివేళ పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ప్రార్థించు విధవరాలు లేవదు. తమకు చెప్పుకొనదగిన సాక్ష్యము లేదని వారు తలంచుచున్నారు. ఆలాగు తలంచుట వారికి ఎవరు నేర్పిరి?

కాబట్టి ఈ నెల పాఠములో ఒక్క ప్రశ్ననే తీసికొనుచున్నాము. దేవుని గ్రంథము ఎవనిని వర్ధిల్లినవాడని చెప్పుచున్నది?

ఈ ప్రశ్న ఏ ఊరిలోనైనను అడుగదగినదే గాని, శంషాబాదు చుట్టుపట్ల గ్రామముల విశ్వాసులకు ఇది ప్రతిదినము గుమ్మమెదుట నిలుచు ప్రశ్న. హైదరాబాదునుండి బెంగుళూరునకు పోవు పెద్దబాటమీద ఉన్న ఆ ఊరిచుట్టు ఒకప్పుడు జొన్నచేలు, మొక్కజొన్నచేలు, కూరగాయల మడులు ఉండెను. రంగారెడ్డి జిల్లా ద్రాక్షతోటలకు పేరుపడిన రోజులు మన పెద్దలకు జ్ఞాపకమే. 2005లో అక్కడ విమానాశ్రయమునకు పునాదిరాయి వేయబడెను. 2008 మార్చి 23నుండి విమానములు దిగనారంభించెను, బేగంపేటలో ప్రయాణికుల విమానములు ఆగిపోయెను. విమానాశ్రయమునకు తీసికొనిన భూమి సుమారు 5,500 ఎకరములు. అందులో విమానము పరుగెత్తు దారి ఒక్కటే 4,260 మీటర్ల పొడవు. మనవారిలో అనేకులు ప్రతి ఆదివారము మందిరమునకు నడిచి వచ్చు దూరముకంటె అది ఎక్కువ. 2009లో మెహిదీపట్నమునుండి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల పై వంతెన తెరువబడెను. నగరముచుట్టు 158 కిలోమీటర్ల వలయపు రోడ్డు శంషాబాదును తాకుచు పోయెను.

అప్పటినుండి భూమిని లెక్కించు విధమే మారిపోయినది. ఎకరములలో, గుంటలలో చెప్పుకొనిన నేలను గజములలో చెప్పుకొనుట మొదలాయెను. తాత ఒక కాడి ఎద్దులకు మార్చుకొనిన చెలకను మనుమడు ప్లాట్లు చేసి అమ్మెను. కొందరికి వారి వంశములో ఎవరును కంటితో చూడనంత ధనము వచ్చెను. భూమి లేనివానికి ఏమి వచ్చెను? ధర పెరుగుటకు అతనికి నేల లేదు. ఉన్నది నాటు వేయు పని, కోత పని. మళ్లు పోగానే ఆ పని పోయెను. మన సంఘములలో ఎక్కువమంది ఏ జాబితాలోనివారో మనకు తెలియును.

ఇక్కడ ఒక సంగతి నిదానముగా ఆలోచింపవలెను. 1996 మార్చిలో అప్పటి ప్రభుత్వము 111వ నంబరు ఉత్తర్వు వెలువరించెను. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు చెరువులలోనికి వచ్చు నీటిని కాపాడుటకై 84 గ్రామములలో కట్టడములపై ఆంక్షలు పెట్టిరి. శంషాబాదు మండలములోని కొన్ని గ్రామములు ఆ లెక్కలో చేరెను, కొన్ని చేరలేదు. 2022లో ఆంక్షలు సడలించుచు మరియొక ఉత్తర్వు వచ్చువరకు పాతికేండ్లపాటు ఆ గీత నిలిచెను. ఇప్పుడు ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారనుకొందము. తండ్రి పంచి ఇచ్చినప్పుడు అన్నకు గీతకు ఈవలి చెలక వచ్చెను, తమ్మునికి ఆవలి చెలక వచ్చెను. ఇద్దరు ఒకే మందిరములో మోకాళ్లూనినవారే, ఒకే కీర్తనల పుస్తకము పట్టుకొని పాడినవారే. పదేండ్లు గడుచుసరికి అన్నకు మేడ లేచెను. తమ్ముడు ఇంకను ఆముదపు చేనిలో కలుపు తీయుచుండెను. అన్న ప్రార్థన ఎక్కువ, తమ్ముని విశ్వాసము తక్కువ అని చెప్పగలమా? వారి మధ్య ఉన్నది కచేరిలో గీచిన గీత. దానిని దేవుని ప్రసన్నత అని పిలుచుట దేవుని నామమును వ్యర్థముగా ఉచ్చరించుటకు చాల దగ్గరగా ఉన్నది. మేము ఈ మాట కఠినముగానే చెప్పుచున్నాము. ఎందుకనగా ఆ తమ్మునితో ‘నీ జీవితములో ఏదో అడ్డు ఉన్నది, ఉపవాసముండి తొలగించుకొనుము’ అని చెప్పు బోధకులు ఊరూర తిరుగుచున్నారు.

వాక్యమునొద్దకు వత్తము. వర్ధిల్లుటను గూర్చి బోధించువారు తరచుగా తెరచు భాగము యెహోషువ మొదటి అధ్యాయము ఎనిమిదవ వచనము. ధర్మశాస్త్రమును దివారాత్రము ధ్యానించి దానిచొప్పున నడిచినయెడల నీ మార్గము వర్ధిల్లును, నీవు సఫలుడవగుదువు అని దేవుడు యెహోషువకు సెలవిచ్చెను. అక్కడ మూలభాషయైన హెబ్రీలో రెండు మాటలు ఉన్నవి. ఒకటి ‘త్సాలహ్’. బయలుదేరిన పని ముందుకు సాగి గమ్యము చేరుట అని దాని భావము. రెండవది ‘సాకల్’. దీని మొదటి అర్థము వివేకముగా నడుచుకొనుట. ఎదుట ఉన్నదానిని సరిగా చూచి, చేయవలసినది చేయుట. ఈ రెండు మాటలలోను బంగారము లేదు, ఎకరములు లేవు. వాగ్దానదేశమందు భూమి పంచిన యెహోషువ అందరికిని స్వాస్థ్యములు ఏర్పరచిన తరువాతనే, అన్నిటికంటె చివర, ఎఫ్రాయిము మన్యములో తనకొక పట్టణము పొందెనని అదే గ్రంథము 19వ అధ్యాయములో చదువుచున్నాము. భూమి పంచు అధికారి మొదట తనకు గీసికొనక చివరకు తీసికొనుట మన కాలములో ఒక వింత సంగతి గదా!

ఇప్పుడు ఈ రెండు మాటలను పట్టుకొని పరిశుద్ధ గ్రంథములో ముందునకును వెనుకకును పోదము.

వెనుకకు పోయినచో ఆదికాండము 39వ అధ్యాయములో ‘త్సాలహ్’ కనబడును. యోసేపు వర్ధిల్లెనని అక్కడ వ్రాయబడినది. ఎప్పుడు? ఫరో రథమెక్కిన నాడు కాదు. రెండవ వచనములో అతడు అమ్మబడిన దాసుడు. మనుష్యుని ఒంటికి ధర కట్టి, ఇరువది తులముల వెండికి అన్నలే అమ్మివేసిరి. తన పేరు మీద చిల్లిగవ్వ లేదు, ఒంటిమీద అంగీయైనను తనది కాదు. అట్టివానిని గూర్చి గ్రంథము ‘వర్ధిల్లెను’ అని చెప్పుచున్నది. అదే అధ్యాయము చివర అతడు చెరసాలలో ఉన్నాడు. చేయని నేరము మోయుచున్నాడు. అక్కడను మరల అదే మాట. రెండు చోట్లను ఆ మాటకు ముందు చెప్పబడిన కారణము ఒకటే: ప్రభువు అతనికి తోడైయుండెను. పదియేడేండ్ల వయస్సున గోతిలో పడినవాడు ముప్పది యేండ్ల వయస్సున ఫరో యెదుట నిలిచెను. ఆ పదుమూడేండ్లలో ఏ ఆదివారమైనను మన సంఘములో కూర్చుండియుండినచో, యోసేపు సాక్ష్యమునకు లేచియుండునా? మనము లేవనిచ్చియుందుమా?

ముందునకు పోయినచో యెషయా గ్రంథము వచ్చును. 52వ అధ్యాయము 13వ వచనములో దేవుడు తన సేవకుని చూపి, అతడు వివేకముగా ప్రవర్తించి హెచ్చింపబడునని చెప్పుచున్నాడు. అక్కడి మాట యెహోషువతో చెప్పిన ‘సాకల్’. ఆ మాట పలికిన తరువాత ఏమి వచ్చుచున్నది? అందము లేనివాడు, తృణీకరింపబడినవాడు, గొఱ్ఱెవలె వధకు తేబడినవాడు. 53వ అధ్యాయము పదియవ వచనములో, నలుగగొట్టబడిన ఆ సేవకుని చేతిలో దేవుని ఉద్దేశము సఫలమగునని ఉన్నది. అక్కడి మాట ‘త్సాలహ్’. యెహోషువకు వాగ్దానము చేయబడిన రెండు మాటలును శ్రమపడు సేవకునియందు ఒకచోట కూడెను. మన ప్రభువు ముప్పదిమూడేండ్ల ప్రాయమున, ఎరవుగా తెచ్చిన గాడిదనెక్కి పట్టణములో ప్రవేశించి, ఒంటిమీది వస్త్రమునకు సైనికులు చీట్లు వేయగా, పరుని సమాధిలో పెట్టబడెను. ఊరివారి లెక్కలో ఇంతకంటె ఓడిపోయినవాడు లేడు. తండ్రి లెక్కలో పని సంపూర్తి ఆయెను. క్రైస్తవుడు వర్ధిల్లుటను గూర్చి ఏమి నేర్చుకొనినను ఈ సిలువయొద్ద నేర్చుకొనవలెను. దీనిని ప్రక్కకు నెట్టి యెహోషువ 1:8 ఒక్కదానినే గోడకు వ్రేలాడదీసికొనుట సగము వాక్యమును చదువుటయే.

భూమి అమ్మకములును కొనుగోళ్లును మన ప్రాంతమున ఇంటింటి మాట గనుక, గ్రంథములోని కొన్ని భూమి బేరములను కూడ చూడవలెను. యిర్మీయా కొనిన పొలము మాకు మిక్కిలి ఇష్టమైనది. బబులోను సేన యెరూషలేమును ముట్టడించియున్నది. ప్రవక్త చెరసాల ఆవరణములో బందీగా ఉన్నాడు. అప్పుడు చిన్నాయన కుమారుడైన హనమేలు వచ్చి, అనాతోతులోని నా పొలము కొనుమనెను. శత్రువు పాదముల క్రింద ఉన్న పొలము! మన ఊళ్లలోని ఏ మధ్యవర్తిని అడిగినను, ఇంతకంటె చెడ్డ బేరము లేదని చెప్పును. యిర్మీయా పదియేడు తులముల వెండి తూచి ఇచ్చి, సాక్షులను పిలిచి, దస్తావేజు వ్రాయించి, ముద్రవేసి, అది చాలదినములుండునట్లు మంటికుండలో పెట్టుమని బారూకు చేతికిచ్చెను. ఈ దేశములో మరల ఇండ్లును పొలములును ద్రాక్షతోటలును కొనబడునని దేవుడు చెప్పిన మాటకు అది సంచకరువు. అతడు ఆ పొలములో ఒక గింజయు కోయలేదు. అతని మాట జనులు వినలేదు. నలుబది యేండ్లు ప్రకటించినను రాజు విననందున పట్టణము కాలిపోయెను. చివరకు అతనినే ఐగుప్తునకు ఈడ్చుకొనిపోయిరి. లాభనష్టముల పట్టీ వ్రాసినచో యిర్మీయా పేరు ఎదుట సున్న పడును. అయినను ఆ కుండలోని దస్తావేజు నిజమాయెను. జనులు చెరనుండి తిరిగి వచ్చిరి.

కుప్రకు చెందిన యోసేపు అను లేవీయుడు తన భూమి అమ్మి, ఆ వెల తెచ్చి అపొస్తలుల పాదములయొద్ద పెట్టెను. ఆదరణ పుత్రుడని, బర్నబా అని అతనికి పేరు. ఆ వెంటనే తరువాతి అధ్యాయములో అననీయ, సప్పీరా తమ పొలము అమ్మిరి. వారు అమ్ముట పాపము కాదు, కొంత దాచుకొనుటయు పాపము కాదు. అమ్మకమునుపు అది నీదే, అమ్మిన పిమ్మట వెలయు నీ వశమందే ఉండెను గదా అని పేతురే అడిగెను. కొంత ఇచ్చి అంతయు ఇచ్చినవారివలె సంఘములో నిలువబడుట వారి పాపము. వారికి కావలసినది దేవుడు కాదు, బర్నబాకు వచ్చిన మెప్పు. సాక్ష్యములు పెద్దవిగాను నిజము చిన్నదిగాను ఉన్న దినములలో ఈ అధ్యాయమును సంవత్సరమునకు ఒకమారైనను మందిరములో చదువుట మంచిది.

కాబట్టి పొలము అమ్మిన సహోదరుడా, నీవు తప్పుచేసితివని మేము చెప్పుటలేదు. బిడ్డ చదువుకు, అప్పు తీర్చుటకు అమ్మియుందువు. లేక విమానాశ్రయమునకు ప్రభుత్వము తీసికొనినందున వేరు దారి లేకయుండును. నీ కూతురికి సగము వాటా చేరినదా, కౌలుదారునికి ఇవ్వవలసినది ముట్టినదా, నీ చేనిలో ముప్పదియేండ్లు కలుపు తీసిన ముసలమ్మ ఇంట పొయ్యి వెలుగుచున్నదా అని మాత్రమే అడుగుచున్నాము. లూకా 12వ అధ్యాయములోని ధనవంతుని భూమి బాగుగా పండినది. అది దొంగ పంట కాదు. అయితే అతడు తనతో తానే మాటలాడుకొనెను. నా పంట, నా కొట్లు, నా ధాన్యము, నా ప్రాణము అని లెక్కించుకొనెనే గాని ఆ మాటలలో దేవుడు లేడు, పొరుగువాడు లేడు. ఆ రాత్రియే అతని లెక్క మూయబడెను.

ఇంతవరకు గ్రంథములోని సంగతులు చూచితిమి. ఇక మన తెలుగు సంఘముల చరిత్రలో శంషాబాదుకు వచ్చు దారి ఒకటి కలదు. ఆ దారి నెల్లూరులో మొదలగును. 1836లో శామ్యూల్ డే అను అమెరికా బాప్టిస్టు మిషనరీ తెలుగువారియొద్దకు వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడెను. ఏండ్లు గడచినను విశ్వాసులు వ్రేళ్లమీద లెక్కింపదగినంతమందియే. ఈ పనిని మూసివేయుదమని స్వదేశములోని సంఘమువారు ఒకటికంటె ఎక్కువ మారులు చర్చించిరి. పటములో ఒంటరిగా కనబడు ఈ మిషనుకు ‘ఒంటరి నక్షత్రము’ అని పేరు వచ్చెను. 1854 జనవరి 1న లైమన్ జూవెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండనెక్కి, ఆ ప్రాంతమునకు ఒక సేవకుని పంపుమని ప్రార్థించిరి. సేవకుడు వెంటనే రాలేదు. జాన్ క్లౌ అనునాయన ఇండియాకు వచ్చినది 1865లో.

1876లో మొదలై 1878 వరకు నడచిన గొప్ప కరవులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో కొంత భాగము కాంట్రాక్టుగా తీసికొని వేలమందికి కూలి కల్పించెను. జనులు బాప్తిస్మము ఇమ్మని గుంపులుగా వచ్చిరి. ఆయన ఇయ్యలేదు. అన్నముకొరకు వచ్చిరను నింద రాకూడదని, కరవు పని సాగినంతకాలము, ఒక సంవత్సరమునకు పైగా, ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. కూలిపని ముగిసి, ఇచ్చుటకు డబ్బు లేనప్పుడు జనులు మరల వచ్చి నిలిచిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినముననే 2,222 మందికి బాప్తిస్మమియ్యబడెను. ఆ సంఖ్యను మన పుస్తకములన్నియు చెప్పును. మా దృష్టికి అంతకంటె గొప్ప సంఖ్య దానికి ముందటి సంవత్సరముయొక్క సున్న. స్వదేశమునకు పంపు నివేదికలో వేలు చూపగల మనుష్యుడు సున్న చూపుటకు ఒప్పుకొనెను. ఇక డే దొర సంగతి ఏమి? ఆయన విత్తి పోయెను. కోత ఆయన చేతికి రాలేదు.

ఆ బాప్టిస్టు మిషనుతో కలిసి పనిచేయుటకు 1889లో ఆనాటి రష్యా సామ్రాజ్యమునుండి అబ్రహాము ఫ్రీసెన్ దంపతులు వచ్చి, నిజాము రాజ్యములో నల్లగొండలో పని ఆరంభించిరి. వారు మెనొనైట్ బ్రదరెన్ సంఘమునకు చెందినవారు. మనము ఎం.బి. సంఘమనుచున్నది అదే. పదియేండ్లకు, 1899లో, అమెరికాలోని అదే సంఘముల పక్షముగా ఎన్. ఎన్. హీబర్టు దంపతులు వచ్చిరి. అనారోగ్యముచేత కొద్దికాలమునకే తిరిగి పోవలసివచ్చెను. అప్పటివారికి అది ఓటమివలె కనబడియుండును. ఆయన స్వదేశమునకు పోయి మిషను బోర్డు కార్యదర్శియై, ఈ ప్రాంతమునకు సేవకులను పంపు పనిలో అనేక సంవత్సరములు శ్రమించెను.

అట్లు వచ్చినవారిలో ఒకామె డాక్టరు కాథరీనా షెల్లెన్‌బర్గు. 1870లో రష్యాలో పుట్టి, చిన్నతనమున తలిదండ్రులతో అమెరికాలోని కాన్సాసుకు వలసపోయెను. ఆ దినములలో స్త్రీలు వైద్యము చదువుట అరుదు. ఆమె సంఘములో మరియు అరుదు. చదివి వైద్యురాలై, 1907లో మన దేశమునకు వచ్చెను. పెండ్లి చేసికొనలేదు. పాలమూరు జిల్లాలోను, పిమ్మట శంషాబాదులోను రోగులను చూచుచు, 1945లో శంషాబాదులోనే కన్నుమూసెను. ముప్పదెనిమిది సంవత్సరములు! మగ వైద్యుని చేయి తాకనియ్యక ప్రసవవేదనలో ప్రాణములు విడుచు స్త్రీలున్న కాలమది. పెనిసిలిన్ మందు సామాన్యులకు ఇంకను అందలేదు. 1918లో వచ్చిన విషజ్వరము మన దేశములో కోటిమందికి పైగా ప్రాణములు తీసికొనెను. అట్టి కాలపు వైద్యురాలి దినచర్యలో బ్రతికినవారు ఎందరో, చేతులలోనే చనిపోయినవారును అందరు. రోగి చనిపోయిన రాత్రి ఆమె ఓడిపోయినదా? మరునాడు ఉదయము ఆమె మరల తలుపు తెరచెను గదా. పౌలు కొరింథీయులకు వ్రాయుచు, గృహనిర్వాహకులలో చూడబడునది వారు నమ్మకమైనవారగుటయే అని చెప్పిన మాటకు (1 కొరింథీ. 4:2) మా ఎరుకలో ఇంతకంటె మంచి వ్యాఖ్యానము లేదు.

ఇందులో ఒక చిత్రము కలదు. ఓడలమీద, రైళ్లమీద, బండ్లమీద వారములకొలది ప్రయాణముచేసి ఆమె అమెరికానుండి చేరిన ఊరు శంషాబాదు. అదే ఊరినుండి నేడు మన పిల్లలు ఒకటి రెండు దినములలో అమెరికా చేరుచున్నారు. ఆమె వచ్చుట పరిశుద్ధము, మన పిల్లలు పోవుట లోకసంబంధము అని మేము చెప్పము. చదువుకొని, కష్టపడి, తలిదండ్రులను పోషించుట దేవునికి ఇష్టమే. అయితే ఆ పిల్లవాడు బయలుదేరు రాత్రి ఇరువదిమంది కూడి అతనిమీద చేతులుంచి ఏమని ప్రార్థించుచున్నాము? మంచి జీతము, తొందరగా గ్రీన్‌కార్డు అని మాత్రమేనా? ఆ దేశములో ఒంటరిగా ఉన్న ఒక ముసలివాని తలుపు తట్టువాడు కావలెనని, జీతములో అబద్ధము కలుపనివాడు కావలెనని ఎవరైనను ప్రార్థించుచున్నారా?

అదే విమానాశ్రయమునకు మరియొక తలుపు కలదు. గల్ఫు దేశములలో కూలికి పోయి అక్కడ మరణించిన మన తెలంగాణ బిడ్డల దేహములు పెట్టెలలో వచ్చునది ఆ తలుపుననే. పెట్టెకొరకు రాత్రియంతయు వేచియుండి, తెల్లవారుజామున అంబులెన్సులో కరీంనగరుకో, నిజామాబాదుకో, తమ పల్లెకో తీసికొనిపోవువారు ఉన్నారు. ఏజెంటుకు కట్టిన అప్పు తీరకమునుపే మనిషి తిరిగివచ్చెను. వర్ధిల్లుట అనగా మేలులే వచ్చుట అని బోధించు బోధకునికి ఆ ఇంటి గడపయందు చెప్పుటకు ఏమి ఉన్నది? అతడు అక్కడికి పోవడు. పోయినను రెండు నిమిషములకంటె నిలువలేడు. హెబ్రీయులకు వ్రాసిన పత్రికలోని 11వ అధ్యాయము నిలువగలదు. రాజ్యములను జయించినవారును, సింహముల నోళ్లు మూసినవారును అందులో ఉన్నారు. 35వ వచనము నడుమ ఏ హెచ్చరికయు లేకుండ లెక్క మారిపోవును: కొరడాదెబ్బలు తినినవారు, రాళ్లతో కొట్టబడినవారు, గొఱ్ఱెచర్మములు కప్పుకొని తిరిగినవారు. వీరికి విశ్వాసము తక్కువైనందున ఇట్లు జరిగెనని ఆ పత్రిక చెప్పలేదు. వారును వీరును ఒకే విశ్వాసముచేత సాక్ష్యము పొందిరని చెప్పెను.

ఇది కష్టము లోపల చేతులు ముడుచుకొని కూర్చుండుమను బోధ కాదు. కూలివానికి న్యాయమైన కూలి రావలెను, భూమి కోల్పోయినవానికి సరియైన పరిహారము రావలెను. నాబోతు ద్రాక్షతోటనుగూర్చి ఏలీయా అహాబు నెదుట నిలిచినట్లు సంఘము వారి పక్షమున నిలువవలెను. అది కోర్టులో గెలిచినను ఓడినను, నిలుచుట మన పని. తలాంతుల ఉపమానములో అయిదు తలాంతులు సంపాదించినవానికిని రెండు సంపాదించినవానికిని యజమానుడు ఇచ్చిన మెప్పు ఒక్క మాటయైనను తేడాలేక ఒకటే (మత్తయి 25:21, 23). మన మందిరములలో కానుకల పట్టీ చదువునప్పుడు కంఠస్వరము ఒకరి పేరునకు హెచ్చి, మరియొకరి పేరునకు తగ్గుచున్నది. యజమానుని స్వరములో ఆ తేడా లేదు.

కావున ఈ నెల గృహకూడికలయందు ఒక పని చేయవలసినదని పెద్దలను, స్త్రీల సమాజమువారిని కోరుచున్నాము. ఎన్నడును సాక్ష్యమునకు లేవని ఒక కుటుంబమును ఎంచుకొనుడి. ముందుగా పోయి, వారి సమ్మతి అడిగి, ఆ ఇంటనే కూడుడి. యిర్మీయా 32వ అధ్యాయము మొదటి పదిహేను వచనములు ఆ ఇంటి పిల్లలలో ఒకరిచేత చదివింపుడి. అటుపిమ్మట, ఈ సంవత్సరమంతయు మీరు దేవుని ఏలాగు పట్టుకొని ఉంటిరి అని ఆ ఇంటివారిని అడిగి, వారు చెప్పునంతసేపు మధ్యలో స్తోత్రములు పలుకక, ఉపదేశము చేయక వినుడి. పాటలు తగ్గించినను ఫరవాలేదు. టీ, ఫలహారములు మీరే పట్టుకొనిపోవలెను. ఆ ఖర్చు వారిమీద పడనియ్యకుడి.